రెండోసారి తెరిచిన పుట

దాచేపల్లి,
జనవరి 9, 2026.

నా కుమారుడు ఎలీషాకు,

చెరసాల గోడల మధ్య కూడా పాట పుట్టించగల దేవుని కృప నీకు తోడై ఉండును గాక. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. నువ్వు లేని ఇంట్లో ఎంత బాగుండగలమో అంత.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మ మోకాలు పరవాలేదు, మెట్లెక్కడం మాత్రం మానేసింది. నీ డోలక్‌కు గుడ్డ చుట్టి మందిరంలో బల్ల మీద పెట్టాను, ఎవరినీ ముట్టనివ్వడం లేదు. ఈ మధ్య ఏ వాక్యం చెబుతున్నావు నాన్నా అని అడిగావు. మూడు వారాలుగా ప్రసంగమే చెప్పడం లేదు. గొంతు బాగా లేదని సంఘానికి చెప్పాను. గొంతు బాగానే ఉంది.

నీ చివరి ప్రశ్నను అమ్మ రెండుసార్లు చదివించుకుని లోపలికి వెళ్లిపోయింది. బుధవారం ప్రార్థన కూడిక వీడియో లాయరు గారికి ఇచ్చావా అన్న ప్రశ్న.

నీ మీద మోపిన ఆ కత్తిపోట్లు లారీల యార్డులో జరిగిన గంటలో నువ్వు మందిరంలో గోడ గడియారం కింద కూర్చుని డోలక్ వాయిస్తున్నావు. సంఘమంతా చూసింది. కానీ మనవాళ్ల సాక్ష్యాన్ని మనవాళ్లదేనని కొట్టేస్తారనీ, గడియారంతో సహా నువ్వు కనబడే ఆ వీడియోనే కావాలనీ లాయరు వెంకటప్పయ్య గారు మొదటే చెప్పారు. అది మందిరం కంప్యూటర్లో తప్ప మరెక్కడా లేదు. పోలీసులు నిన్ను తీసుకెళ్లిన మూడో రోజునే ఆ కంప్యూటర్ తెరుచుకోవడం మానేసింది.

కంప్యూటర్ షాపు సాయి కిరణ్ వచ్చి చూశాడు.

"సిస్టమ్ పాడైంది అయ్యగారూ, డిస్క్ బానే ఉన్నట్టుంది. సోమారం ఊడదీసి ఫైళ్లు లాగుదాం. అందాకా ముట్టుకోమాకండి. దయ్యాన్ని ఎళ్లగొట్టినట్టు దాని మీద చెయ్యి పెట్టి అరవనూ మాకండి," అన్నాడు.

అది గురువారం. సోమవారం దాకా ఆగలేకపోయాను. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుందనీ, ఎక్కిస్తే చచ్చిన కంప్యూటర్లు లేస్తాయనీ ఫోనులో చూశాను. ఉచితం అన్న మాటకే నా గుండె ఎగిరింది; కృప కూడా ఉచితమే కదా! పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని మొదలుపెట్టాను. పాతవి ఉంచి పక్కన ఎక్కించే దారి నొక్కితే ఇన్‌స్టాలర్ దానంతటదే మూసుకుపోయింది. ఐదుసార్లు. సాతానును గద్దించాను. ఉపవాసం పట్టాను.

శనివారం ఇంటర్నెట్‌లో ఒకాయన రాసిన ఉపాయం కనబడింది. అది ఇన్‌స్టాలర్‌లోనే ఉన్న లోపమట. ముందుగా డిస్క్ మీది విభజనలన్నీ తీసేస్తే ఆగకుండా సాగుతుందట. విభజనలంటే గదుల మధ్య గోడలనుకున్నాను. గోడ తీస్తే సామాను ఎక్కడికి పోతుంది అనుకున్నాను. కింద ఏదో హెచ్చరిక ఉంది; ఆ ముక్కను ఫోనుతో తెలుగు చేయించుకోలేదు.

నొక్కే ముందు ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, లేఖనం తెరిచి వేలు పెట్టాను. సముద్రం పాయలై, జనాన్ని ముందుకు సాగమన్న చోట ఉంది. నొక్కాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. కొత్త తెర వెలగగానే స్తోత్రమని కేక వేశాను. అమ్మ ఆ మోకాలితోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏదయ్యా, పిల్లోణ్ణి చూపియ్యి," అంది.

లోపల ఏమీ లేదు.

సాయి కిరణ్ డిస్క్‌ను నరసరావుపేట తీసుకెళ్లి మూడు రోజులు తంటాలు పడి వచ్చాడు. "ముక్క గూడా రాలా అయ్యగారూ. అసలు ఆ పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసినప్పుడే, ఏదీ ఎక్కించకముందే, పాత ఫైళ్లు కనబడేయి. అప్పుడే కాపీ చేసుకుంటే అయిపొయ్యేది," అన్నాడు. అతను నా మొహం చూడలేదు.

ఇంతవరకూ అమ్మకు తెలుసు. ఇక రాసేది ఆమెకూ తెలియదు.

ఆ రోజు లేఖనం రెండుసార్లు తెరిచాను ఎలీషా. మొదట నా వేలు పడింది ఓపికతో కనిపెట్టుకొని ఉండమన్న మాట మీద. నాకు నచ్చలేదు. మూసి, మళ్లీ తెరిచాను. ఇరవై ఏళ్లుగా ఆ పుటలు తిప్పుతున్న వేలు. తనకు కావలసిన పుట ఎక్కడుందో దానికి తెలుసు.

ఇరవై రెండున వాయిదా. ఆలోగా వీడియో ఏమైందో చెబుతూ నేను ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. "మీరే చెరిపారంటే, దాచాల్సింది ఉండబట్టే చెరిపారంటారు. మిషను దానంతటదే పాడైందని రాద్దాం," అంటున్నారు లాయరు గారు. అబద్ధమాడితే నువ్వు బయటికి వస్తావేమో. నిజం చెబితే లోపలే ఉంటావేమో. ఊరందరి సందేహాలకూ బల్ల గుద్ది జవాబు చెప్పినవాణ్ణి, ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను.

ఏం చేయమంటావో రాయి. ఈసారి పుట తెరిచి వేలు పెట్టను. నీ ఉత్తరం వచ్చేదాకా కనిపెట్టుకొని ఉంటాను.

ఇట్లు,
ఆగలేకపోయిన
నీ నాన్న