క్యారియర్ అడుగున రాక్ బృందం

దోహా,
3 నవంబర్ 2019, ఆదివారం

ప్రియమైన నాన్నకి,

ఇవాళ్టి మొదటి వింత: నిద్ర లేచేసరికి నా ఫోను బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి అమ్మ కొంగున ఉంది. పరీక్షలయ్యేదాకా ఇంతేనట. నువ్వేమో స్టేడియం కాంక్రీటు పని ఒక కొలిక్కి వచ్చేదాకా లుసైల్ వదిలి రానంటున్నావు. అందుకని డ్రైవర్ లియాఖత్ అలీ అంకుల్ నీకు తెచ్చే క్యారియర్‌లో, పెరుగన్నం గిన్నె కింద ఈ ఉత్తరం పెడుతున్నాను.

రెండో వింత స్కూల్లో జరిగింది. తెలుగు వక్తృత్వ పోటీకి చీటీలు తీశాం. అందరికీ నీటి పొదుపు, ఫుట్‌బాల్ లాంటివి వచ్చాయి. నాకు మాత్రం 'పేపర్ లైట్‌హౌస్: ఒక ఇంగ్లీషు ఆర్ట్ రాక్ బృందం ప్రస్థానం, ప్రభావం' అని వచ్చింది. చీటీలు రాసింది సంగీతం మాస్టారు మధుసూదన్ సార్. అదీ సంగతి. ఆ బృందం ఎవరో నాకు తెలీదు కానీ 'ప్రస్థానం' అన్న మాట తెగ నచ్చింది. ఇంటికొచ్చినప్పటి నుంచి వంటింట్లోకి కూడా ప్రస్థానమే చేస్తున్నాను.

"మీ నాన్న పెళ్ళికి ముందు అలాంటి గోల క్యాసెట్లే వినేవారు, ఆయన్నే అడుగు" అంది అమ్మ. ఆవిడ షరతు కూడా విను. ఈ పోటీలో నెగ్గకపోతే నేను మాటల పిచ్చి కట్టిపెట్టి, ప్రతి శుక్రవారం ముఐథర్‌లో ఫిజిక్స్ కోచింగ్‌కి వెళ్ళాలి. నాకు మాటలంటే ఎంత ప్రేమో నీకు తెలుసు. ఫిజిక్స్‌కి నా మీద ఎంత ప్రేమో కూడా తెలుసు.

గిన్నె కింద నలుగుతున్న నీ
అమ్ము

*

లుసైల్,
4 నవంబర్, సోమవారం

అమ్మూ, నా చిట్టితల్లీ,

నీ ఉత్తరానికి పెరుగు తగిలి కొన్ని వాక్యాలు కొట్టుకుపోయాయి. మిగిలినవి చాలు.

పేపర్ లైట్‌హౌస్ అంటే బొమ్మల కాలేజీలో చదువుకున్న నలుగురు కుర్రాళ్ళు. ఒక్కడికీ వాయించడం సరిగా రాదు. కానీ పాటంటే మూడు నిమిషాల ప్రేమకబురే కానక్కర్లేదు, గోడంత బొమ్మ కూడా కావచ్చు అనుకున్నారు. మొదటి రికార్డు బాగా ఆడింది. రెండోదాంట్లో ఒక పక్కంతా వాన చప్పుడు, టైపు మిషను చప్పుడు. పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారు, కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చిచ్చారు. వాళ్ళ గొప్పంతా మూడోదాంట్లో ఉంది. ఒక వాద్యం మొదలవుతుంది, ఇంకోటి వచ్చి చేరుతుంది, అన్నమాటే అంటూ పాట పెరిగిపోతూ ఉంటుంది. దాన్ని ఎలా ముగించాలన్న దగ్గర నలుగురికీ కుదరలేదు. చివరి కచేరీలో వేదిక మీదే పేచీ పడి ఎవరికి వారు వాయిస్తూనే ఉంటే, హాలువాళ్ళు విసిగి కరెంటు తీసేశారు. బృందం అంతటితో సరి. తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది ఆ మూడో రికార్డు విని నేర్చుకున్నవాళ్ళే. కాకినాడ హాస్టల్లో మా మీద దాని ప్రభావం ఏమిటంటే, ముగ్గురం జుట్టు పెంచి, బకెట్లు వాయించి, వార్డెన్ చేత తిట్లు తిన్నాం.

నువ్వు ఊరికే చెప్పకు, వినిపించు. మా సైట్లో హన్మాండ్లు అని జగిత్యాల మేస్త్రీ ఉన్నాడు. అతని జట్టు ప్రతి శనివారం పనివాళ్ళ క్యాంప్‌లో చిరుతల భజన చేస్తుంది. డోలక్‌కి తాళాలు, తాళాలకి చేతిలోని చెక్క చిరుతలు చేరి, అచ్చం మూడో రికార్డే. అడిగితే "పొల్ల కోసం రాకపోతమా సార్" అన్నాడు. నీకు పది నిమిషాలు కదా, ఆరు నువ్వు మాట్లాడు, నాలుగు వాళ్ళకివ్వు. నాకు డ్యూటీ. అమ్మని వెంటపెట్టుకెళ్ళు.

జుట్టు పెంచుదామన్నా మిగలని
నాన్న

*

లుసైల్,
14 నవంబర్, గురువారం మధ్యాహ్నం

అమ్మూ,

నిన్న పోటీ ఏమైంది? మీ అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. ఇవాళ క్యారియర్‌లో నీ ఉత్తరం లేదు. కూర గిన్నెలో కూర కూడా లేదు. ఖాళీ గిన్నె కడిగి మరీ పెట్టారు.

హన్మాండ్లు పొద్దున్నుంచి తనలో తనే నవ్వుకుంటున్నాడు. గెలిచారా అంటే "గెల్సుడు గిల్సుడు తెల్వది సార్. మేడమ్ మాత్రం మస్తు పాడింది" అంటాడు. ఏ మేడమ్?

ఇంకో సంగతి ఇప్పుడే తెలిసింది. మంగళహారతి పడకుండా వాళ్ళు భజన ఆపకూడదట. హారతి ఆడవాళ్ళే పాడాలట. క్యాంప్‌లో ఆడవాళ్ళెక్కడ? అందుకని ప్రతి శనివారం ఊళ్ళోంచి హన్మాండ్లు భార్య సాయవ్వ ఫోన్లో పాడుతుంది, అప్పుడు ఆపుతారు. నాకు భజన మొదలే తెలుసు, చివరిదాకా ఎప్పుడూ కూర్చోలేదు. సాయవ్వకి ఫోన్ కలిసిందా?

ఆకలితోనూ ఆత్రంతోనూ,
నాన్న

*

దోహా,
14 నవంబర్, గురువారం సాయంత్రం

ప్రియమైన నాన్నకి,

ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. పోటీ నియమం.

నా ఆరు నిమిషాలూ బాగానే గడిచాయి. 'ప్రస్థానం' వీలైనన్నిసార్లు వాడాను. తర్వాత భజన మొదలైంది. టైమయిందని గంట కొట్టారు, వాళ్ళు ఆపలేదు. మళ్ళీ కొట్టారు. ఆ గంట కూడా తాళంలో కలిసిపోయింది. నేను పక్కకెళ్ళి బతిమాలితే, హన్మాండ్లు గారు డోలక్ వాయిస్తూనే, "హారతి పడకుంట ఆపరాదు బిడ్డా. సాయవ్వకు ఫోన్ చేద్దామంటే ఫోనే లేదాయె. నేనేం జేద్దు?" అన్నారు. పాపం నాకన్నా ఆయనకే ఎక్కువ చెమటలు పడుతున్నాయి. నీటి పొదుపు అబ్బాయి తన వంతు కోసం చూసి చూసి కుర్చీలోనే నిద్రపోయాడు. మధుసూదన్ సార్ మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. చివరికి ఎవరో కరెంటు తీయించారు. డోలక్‌కి కరెంటుతో ఏం పని నాన్నా? చీకట్లో ఇంకా జోరుగా వాయించారు.

అప్పుడు, ఆయన మాటలు చెవిన పడ్డాయేమో, మూడో వరసలోంచి హారతి వినిపించింది. అమ్మ. వంటింట్లో కూడా పైకి పాడని అమ్మ, మొదట్లో సన్నగా అందుకున్నా, రెండో చరణానికి హాలంతా నింపేసింది. భజన ఆగింది. లైట్లు వచ్చేసరికి హన్మాండ్లు గారు అమ్మకి దండం పెడుతున్నారు.

టైం మించిందని నన్ను పోటీలోంచి తీసేశారు. ఇంటికొచ్చేదాకా ఏడ్చాను. ఇవాళ పొద్దున్నే ఫిజిక్స్ పుస్తకాలు సంచిలో సర్దుకున్నాను.

అంతలో మధుసూదన్ సార్ అమ్మకి ఫోన్ చేశారు. ప్రపంచకప్ ముందు సంబరాల్లో మా స్కూలు తరఫున ఇదే ప్రదర్శన కావాలట. ముందు నేను మాట్లాడాలి, తర్వాత భజన, చివర్లో అమ్మ హారతి. అమ్మ "ఛ, నేనేమిటి" అంటూనే ఆ పాట అందుకుంది, ఆ ధ్యాసలో నీకు కూర వండడం మరిచిపోయింది. మరి రేపటి కోచింగ్ అని నేను భయపడుతూ అడిగితే, "ప్రాక్టీసు పెట్టుకుని కోచింగ్ అంటావేమిటే, బాధ్యత లేదూ?" అని నన్నే తిట్టింది.

రేపు పొద్దున్నే స్కూల్లో ప్రాక్టీసు, అందుకే ఈ ఉత్తరం రాత్రి క్యారియర్‌లోనే పంపుతున్నాను. లియాఖత్ అంకుల్ ముందు క్యాంప్‌కి వచ్చి వాళ్ళని, తర్వాత అల్ దోహా అల్ జదీదాలో మనింటికి వచ్చి మమ్మల్ని వ్యాన్ ఎక్కించుకుంటారు. నువ్వూ క్యాంప్ దగ్గరే ఎక్కెయ్ నాన్నా. కాంక్రీటు ఒక్కపూట దానంతటదే గట్టిపడుతుంది.

నీకు కిటికీ పక్క సీటు ఆపిన
అమ్ము