పెద్దింటి పళ్ళెం

కిన్నిగోళి
8 డిసెంబర్ 1974

బొంబాయిలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని నన్ను మరిచిపోయిన అపోలిన్‌కు,

నీ ఉత్తరం అందింది. మనమ్మాయి ఇర్మా లేచి తిరుగుతోందని చదివి కుదుటపడ్డాను. పాపకు నా ముక్కు వచ్చిందని రాశావు. పాపం, ఏం చేస్తాం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. కొబ్బరి చిప్పల్లో రాగులు చల్లాను, క్రిస్మస్ నాటికి మనింటి బాలయేసు పాక చుట్టూ పచ్చగా మొలిచి ఉంటాయి. చర్చిలో పాక కట్టే పని ఈసారీ నా నెత్తినే పెట్టారు. అరవై రెండేళ్ళ వడ్రంగిని వదిలేసి ఇంకొకరిని చూసుకోండంటే పాద్రీగారు నవ్వి ఊరుకున్నారు.

ఇక నువ్వు అడిగిన సంగతి. సెప్టెంబరులో నీ తోడికోడలు సెరఫిన్ పోయింది కాబట్టి ఈ ఏడు లోర్సు ఇంట్లో పండగ మూకుడు పొయ్యెక్కదు, నక్షత్రం కట్టరు. అలాంటి ఇంటికి పిండివంటల పళ్ళెం మనవాళ్ళే ఇవ్వాలనీ, మొదటి పళ్ళెం పెద్దింటిదే, అంటే అన్నగా నాదే కావాలనీ నాకూ తెలుసు. నువ్వు లేవు కాబట్టి గవ్వలూ గులాబీపువ్వులూ నేనే చేస్తాను. కానీ ఆ గడప మాత్రం తొక్కను. పక్కింటి కర్మిన్ బాయి చేత పంపిస్తాను. సెరఫిన్ మట్టికి వెళ్ళి వెనక వరసలో నిలబడి వచ్చాను, అది చాలు. వాడు నా తమ్ముడే, కాదనను. కానీ అమ్మ పోయాక సామాను పంచుకున్న రోజు, నాన్న చెక్కిన పాకలోంచి బాలయేసును తీసి చొక్కా జేబులో వేసుకుని వాడన్న మాట నువ్వూ విన్నావు. "పాకా, తొట్టీ, గాడిదా, ఎద్దూ నువ్వే ఉంచుకో. అమ్మ కళ్ళు మూసింది నా చేతుల్లో. పిల్లాడు నాతో వస్తాడు" అన్నాడు. అప్పటినుంచీ బజార్లో కొన్న బాలయేసును మన తొట్టిలో ఇరికిస్తున్నాను. కాళ్ళు బయటికి వేలాడుతుంటాయి, చూసినవాళ్ళంతా నవ్వుతారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు.

నీ మొగుడు,
కైతాన్

*

కిన్నిగోళి
18 డిసెంబర్ 1974

నన్ను నిద్రపోనివ్వని అపోలిన్‌కు,

నిన్న నీ ఉత్తరం వచ్చింది. "దేవుడి దగ్గర అంతమంది దూతలున్నారు, ఎవరో ఒకరి చేత కబురు పంపించి ఊరుకోవచ్చు గదా. ఆయనే ఎందుకొచ్చాడంటారు? మీకు మాత్రం కర్మిన్ బాయి కావాలా?" అని రాశావు. నాలుగుసార్లు చదివాను. ముందు కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది. పదకొండేళ్ళుగా నీకు చెప్పనిది ఇవాళ రాస్తున్నాను. రాసేశాక మళ్ళీ చదవను, చదివితే చించేస్తాను.

అమ్మ పోయింది డిసెంబర్ ఇరవై నాలుగున. నువ్వు ఆ వారం మీ నాన్నకు ఒంట్లో బాగోలేదని ఉడుపి వెళ్ళావు. అమ్మ లోర్సు ఇంట్లో మంచాన ఉంది. నేను చర్చిలో పాక కడుతున్నాను. లోర్సు రెండుసార్లు కబురు పెట్టాడు, అపోలిన్. నాకు ఎవరూ చెప్పలేదని నీతో అన్నది అబద్ధం. మొదటిసారి, "తడిక బిగించి వస్తా" అన్నాను. రెండోసారి వాడే పరిగెత్తుకొచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. "అన్నా, నిన్ను అడుగుతోంది, రా" అన్నాడు. "నక్షత్రం ఒక్కటే మిగిలింది, కట్టేసి వస్తున్నా పద" అన్నాను. అది సరిగ్గా పాక నడిమికి రాలేదు. విప్పి మళ్ళీ కట్టాను. ఊరంతా చూసి మెచ్చుకోవాలని నాకు ఆశ. నేను వెళ్ళేసరికి అమ్మ చేతులకు జపమాల చుట్టేసి ఉంది.

వాడి మీద కోపమని నీకు చెబుతూ వచ్చాను. కోపం కాదు, వాడి మొహం చూడలేను. వాడు ఆ రోజు అన్నది నిజం కాబట్టే పిల్లాడిని అడిగే నోరు నాకు లేకపోయింది. ఇప్పుడు చెప్పు, ఏ మొహం పెట్టుకుని పళ్ళెం పట్టుకెళ్ళను? కర్మిన్ బాయితోనే పంపుతాను, నన్ను బలవంతపెట్టకు.

కైతాన్

*

కిన్నిగోళి
26 డిసెంబర్ 1974

నా అపోలిన్‌కు,

వెళ్ళాను. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో.

ఇరవై నాలుగు మధ్యాహ్నం పాక పనంతా అయిపోయి, నక్షత్రం చేత్తో పట్టుకుని నిచ్చెన మీద ఉన్నాను. కింద లోర్సు నిలబడ్డట్టే అనిపించింది. ఎవరూ లేరు. నక్షత్రాన్ని తెచ్చి పాద్రీగారి చేతిలో పెట్టి, "ఇది మీరు కట్టించుకోండి, నాకు పనుంది" అన్నాను. ఇంటికొచ్చి, కర్మిన్ బాయి కోసం సర్దిపెట్టిన పళ్ళెం మీద గుడ్డ కప్పి, చేను గట్టు దాటాను.

లోర్సు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. నా చేతిలో పళ్ళాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నక్షత్రం కట్టేశావా అన్నా?" అన్నాడు.

"లేదురా. కట్టకుండానే వచ్చాను."

వాడు జరిగి పక్కన చోటిచ్చాడు. ఒక గవ్వ నోట్లో వేసుకుని, "ఇది వదిన చేతి పని కాదు. చెక్కావా, వండావా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లోర్సూ, తప్పు చేశాను, ఆ రోజు రావలసింది అన్నాను. వాడు తల దించుకున్నాడు.

"నేనూ ఒకటి దాచాను. నిన్ను తీసుకురాకుండా వచ్చినప్పుడు అమ్మ అడిగింది. పాక కడుతున్నాడని చెప్పాను. 'కట్టనీరా, చంటిబిడ్డకు చలేస్తుంది' అంది. కోపం లేదు ఆవిడకి. కోపం నాది. ఆ మాట నీకు చెబితే నువ్వు తేలికపడిపోతావని చెప్పలేదు. సెరఫిన్ పోతూ పోతూ కూడా చెప్పమంది. నాకూ మొహం చెల్లలేదు."

అపోలిన్, ఇద్దరం ముసలివాళ్ళం పిల్లల్లా ఏడ్చాం.

లోపల అమ్మ బియ్యం కొలిచే సోలలో గడ్డి వేసి, నాన్న చెక్కిన బాలయేసును పడుకోబెట్టి ఉంచాడు. "తొట్టి నీ దగ్గరుంది గదా" అన్నాడు. పదకొండేళ్ళూ అంతే.

ఆ రాత్రి పూజలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. నక్షత్రం వంకరగా వేలాడుతోంది, ఎవరూ ఏమీ అనలేదు. పాద్రీగారు దివ్యసత్ప్రసాదం, యేసే అప్పమై వచ్చే ఆ ప్రసాదం, నా నోట్లో పెట్టాక నాకొకటి తోచింది. ఇన్నేళ్ళు తొట్లు చేశాను గానీ, ఆ బిడ్డను పశువులు మేత మేసే తొట్టిలోనే ఎందుకు పడుకోబెట్టారని ఎన్నడూ ఆలోచించలేదు. లోకమంతా పొయ్యి ఆర్పుకుని దుఃఖంలో ఉన్న ఇల్లు. తనకు తానుగా వండుకోలేదు, అడగడానికి మొహం లేదు. ఆ ఇంటికి పెద్దింటి నుంచి వచ్చిన పళ్ళెం ఆయన, అందుకే మేత పెట్టే చోట పడుకున్నాడు. ఎవరి చేతా పంపలేదు, తనే వచ్చాడు. పాద్రీగారు ఏటా చెప్పేది ఇదేనేమో, నేను మాత్రం ఏటా నక్షత్రం సరిగ్గా ఉందా అని పైకి చూస్తూ కూర్చున్నాను.

నిన్న పొద్దున నాన్న చేసిన తొట్టిని తీసుకెళ్ళి లోర్సు ఇంట్లో పెట్టాను. పిల్లాడు అందులో అచ్చంగా సరిపోయాడు. దుఃఖమున్న ఇంట్లో పండగ లేదు గానీ, ఆయనకు పడక లేకుండా ఎలా? వచ్చాక మన పాకలో తొట్టి ఏదని నన్ను తిట్టకు. మన బజారు బాలయేసు రాగి మొలకల మధ్య గడ్డి మీద, ఇన్నేళ్ళకు కాళ్ళు హాయిగా చాపుకుని పడుకున్నాడు.

లోర్సు నిన్నటినుంచి రెండు పూటలా మనింట్లోనే తింటున్నాడు. వదిన ఎప్పుడొస్తుందని పూటపూటా అడుగుతున్నాడు. నా గవ్వలు ఇంకా సగం పళ్ళెం మిగిలే ఉన్నాయి.

నీ రాక కోసం చూస్తూ,
కైతాన్