బ్రిన్‌కోయెడ్ నుంచి గంట

నాంట్‌గ్లాస్,
నవంబరు 14, 2003

నెస్టా చెల్లెమ్మకు టెగ్విన్ ప్రేమతో రాసేది,

ఇక్కడ క్షేమం, అక్కడ మీ క్షేమం తెలపాలి అని మొదలుపెట్టడం అలవాటు. నీ ఇంట్లో క్షేమం లేదని తెలిసీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు పంపిన ఎండుద్రాక్ష రొట్టె అందింది. మొగుడు ఆసుపత్రిలో ఉంటే రొట్టెలు కాల్చే తీరికెక్కడిదని మా ఆవిడ నిన్ను తిట్టి, సగం తనే తినేసింది.

పోయిన వారం నేను ఇద్వాల్‌ని చూడటానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు, మంచం ఇనుప కడ్డీని వాడి వేలు కొడుతుంటే చూపించి, "ఏమిటన్నయ్యా ఇది? కళ్ళు తెరవడు, మాట్లాడడు. డాక్టర్లు ఎప్పుడో ఆశ వదిలేశారు. దేనికోసమో వేలాడుతున్నాడు, నేను చూడలేకపోతున్నా" అన్నావు. వయసు వణుకమ్మా అనేశాను. అది వణుకు కాదు. మూడు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. ప్రతి స్టేషన్లోనూ ఆగే పాసింజరు బండికి దారి ఇస్తావా అని పక్క సిగ్నల్ కేబిన్‌ని అడిగే గంట అది. అదే గంట తిరిగి కొడితే ఇచ్చినట్టు. ఊరుకుంటే బండి సిగ్నల్ దగ్గర నిలబడాల్సిందే.

విక్టోరియా రాణి కాలం నుంచి మా లైన్లో అడుగడుగునా కేబిన్లే. నాంట్‌గ్లాస్‌లో తాత సిగ్నల్ మీటలు లాగాడు, తర్వాత నాన్న, తర్వాత నేను. గుడ్డ లేకుండా మీట ముట్టుకుంటే చెమటకి తుప్పు పడుతుందని తాత చెవి మెలిపెట్టేవాడు. బొగ్గు ఇంజన్లు పోయి డీజిల్ వచ్చింది. లండన్‌లో ఎవరో లాభం లేదన్నారు, మా లైను మూసేసి పట్టాలు పీక్కుపోయారు. మిగిలిన లైన్లని ఎక్కడో ఒక్క గదిలో కుర్రాళ్ళు తెరల ముందు కూర్చుని, కాఫీ తాగుతూ నడిపేస్తున్నారు. పక్కవాడి చెయ్యి ఎలాంటిదో వాళ్ళకేం తెలుసు? మాకు గంట వింటే చాలు, కొట్టిందెవరో తెలిసేది. పక్కనున్న బ్రిన్‌కోయెడ్ కేబిన్ నుంచి ఇద్వాల్ చివరి దెబ్బ ఎప్పుడూ బద్ధకంగా, ఆలస్యంగా వేసేవాడు. "నిద్రపోతూ కొడుతున్నావేంట్రా?" అని ఫోన్లో తిడితే, "నువ్వు మేలుకున్నావో లేదో చూస్తున్నాన్రా" అనేవాడు.

మా కేబిన్‌ని ఊరివాళ్ళు చూడవచ్చేవాళ్ళ కోసం అట్టే పెట్టారు. తుడిచే పని నాది. రెండు కేబిన్లనీ కలిపే గంట తీగలు ఏనాడో కోసేశారు. బ్రిన్‌కోయెడ్‌లో ఇద్వాల్ కేబిన్ ఉన్నచోట గొర్రెలు మేస్తున్నాయి. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచీ, సాయంత్రం మంచు దిగే వేళకి, ఆ గంట మోగుతోంది నెస్టా. మూడు, ఆగి ఒకటి. ఆ ఒకటి ఆలస్యంగా. మొదట ఎలుకలనుకున్నాను. ఎలుకలకి ఆ బద్ధకం ఎక్కడిది? భయమేసింది, దాచుకోవడం దేనికి.

నేను జవాబివ్వలేదు. ఇస్తే ఏ బండి వస్తుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. వాడు నీ భర్త. దారి ఇవ్వమంటావా, వద్దంటావా? నువ్వెలా చెబితే అలా చేస్తాను. ఒక్క ముక్క రాయి.

నీ మాట కోసం చూసే,
అన్నయ్య టెగ్విన్

తా.క.: ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా కేబిన్‌కి తెచ్చాను. నీ మాట కోసం ఆగానన్నది అబద్ధం చెల్లెమ్మా. నా కోసమే ఆగాను. వాడు పోతే నన్ను పిలిచే గంట ఈ లోకంలో ఇంకోటి లేదు.

ఇవాళ కూడా మోగింది. వినీ వినపడనట్టు ఉంది. అంత నీరసంలోనూ అడుగుతున్నాడు. ఇక నా వల్ల కాలేదు. తిరిగి కొట్టాను. మంచులో, పట్టాలు లేని ఆ గడ్డి మీద, కిటికీ అద్దాలు అదిరిపోయేలా ఏదో దాటిపోయింది. చివర, ఆఖరి పెట్టెకి ఉండే ఎర్ర దీపం చూశాను. బండి క్షేమంగా దాటిందని అవతలి కేబిన్‌కి గంట కొట్టి చెప్పాలి. చెప్పాను. దానికి వాడు జవాబివ్వని రోజు లేదు. గంట దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. జవాబు రాలేదు.