వ్యాను తాళం వెతకకండి

ఏవండీ,

వ్యాను తాళం కోసం ఇల్లంతా గాలించకండి, మీ తమ్ముడికిచ్చాను. ఈ పూట బేకరీ సరుకు అతనే వేసొస్తాడు. లేచాక మళ్లీ నడుం వాల్చకండి. పడుకునే కొద్దీ వెన్ను బిగుసుకుపోతుందని, కదిలితేనే సడలుతుందని డాక్టరుగారు చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. వేడినీళ్లు పోసుకుని, ఆటోలో ఆసుపత్రికి వెళ్లండి.

ఈసారైనా "అంతా బాగానే ఉందండీ" అని చెప్పి రాకండి. మెడ తిరగడం లేదని చెప్పండి. నిన్న మీరు వ్యాను వెనక్కి తీస్తుంటే పాప వెనకాలే ఉంది. నేను కేక వేయకపోతే ఏమయ్యేదో! "అద్దంలో చూశాలే" అన్నారు. పాప ఎత్తు మనిషి ఆ అద్దంలో కనపడదండీ.

నడుం నొప్పి ఎవరికి లేదంటూ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారు. ఇది అలాంటి నొప్పి కాదు. లోపలి వాపు తగ్గక మీ వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. కోపమొస్తే సాయంత్రం నా మీద అరవండి, పడతాను.

అన్నట్టు, ఇకనుంచి పాప వ్యాను ముందుకొచ్చి నిలబడి టాటా చెబుతుందట. "నాన్నకి వెనక్కి తిరగడం రాదు కదమ్మా" అంది.