అరుపుల్లేని ఆల్బమ్

అన్నా,

చుక్కల గురించి గొంతు చించుకుని అరిచే ఆ బ్లాక్ మెటల్ బ్యాండు, నువ్వెప్పుడూ వింటూ ఉండేది, కొత్త ఆల్బమ్ తెచ్చింది. నువ్వు పోయాక ఇదే మొదటిది. నీ స్పీకర్లోనే పెట్టాను. నువ్వైతే అలిగేవాడివి. గిటార్లు లేవు, అరుపులు లేవు. పొగమంచులాంటి హోరు, దాని వెనక ఇనుము అరుగుతున్న చప్పుడు.

కాఫీపళ్ల తొక్క తీసే మిషను ఎవరో ఆపకుండా వదిలేశారనుకుని అమ్మ పెరట్లోకి పరిగెత్తింది. ఆగి ఉన్న మిషన్ని చూసి తిరిగొచ్చింది. అది నీ బ్యాండేనని చెప్పాను.

"మరి ఆ అరిసే గుంటడేడే?" అంది. వాడి నోరు మూయించమని నీతో రోజూ గొడవపడిన అమ్మే.

ఇప్పుడు అరవట్లేదమ్మా అన్నాను.

అమ్మ స్పీకరు దగ్గరికొచ్చింది. "పాతది ఎయ్యి. ఆడు అరిసీది."

వేశాను. ఈసారి సౌండు తగ్గించమనలేదు.