బీరువా వెనక రౌటర్

శరణప్పన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మా జిరాక్స్ షాపుకు కొత్త కంప్యూటర్ తెచ్చాను. దానికి వైఫై కలపడానికి కోహీర్ నుంచి వచ్చిన అమ్మాయి రౌటర్ ఎక్కడుందని అడిగింది. ఎవరూ ఎత్తుకుపోకుండా ఇనుప బీరువా వెనక, మన రెండు షాపుల మధ్య గోడకు ఆనించి దాచిన చోటు చూపించాను.

"బీరువా అడ్డముంటే మీకు సిగ్నల్ ఎట్ల వస్తది సార్? పక్క షాపుకే మంచిగ పోతది," అంది.

అందుకే నా పాత కంప్యూటర్‌లో నెట్ ఈడుస్తుంటే, నీ కుట్టుమిషన్ దగ్గర ఫోన్‌లో బీదర్‌లోని నీ బిడ్డ ముఖం స్పష్టంగా కనబడేది. నెట్ అంతా నువ్వే వాడేస్తున్నావనుకుని, నేనే నీకిచ్చిన పాస్‌వర్డ్‌ను చెప్పకుండా మార్చాను.

"జర చూడు తమ్మీ, బిడ్డ కనబడ్తలేదు," అంటూ వచ్చావు.

"అందరికీ గట్లనే ఉందన్నా," అన్నాను.

మార్చాక కూడా నా నెట్ బాగుపడలేదు. తప్పు నీది కాదని ఆ వారమే తెలిసింది. పాతది మళ్లీ పెడితే నా పని బయటపడుతుందని ఊరుకున్నాను.

ఇవాళ రౌటర్‌ను బయటికి తీయించాను. గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోమని ఆ అమ్మాయి చెబుతున్నా, నీకిచ్చిన పాతదే పెట్టించాను.

సాయంత్రం మిషన్ తీసుకుపోవడానికి నీ బిడ్డ వచ్చింది. ఆమె చేతిలోని నీ ఫోన్ దానంతటదే నెట్‌కు కలిసింది.

"నాయినకిచ్చిన నెట్ ఇంక బంద్ చెయ్యలేదా కాకా?" అంది.

"ఎన్నడూ చెయ్యలేదు బిడ్డా," అన్నాను, ఆ రోజు నీకు చెప్పినంత తేలిగ్గా.