ఎవరి కాలు ఎవరిది

ఫిబ్రవరి 3

కాన్పు ప్రాక్టికల్ పోయింది. తల్లి గొర్రె కడుపనుకోమని ఒక చెక్కపెట్టె, దాన్లో రెండు గొర్రెపిల్లల బొమ్మలు పెట్టారు. ఒక్కటే అనుకుని, చేతికందిన రెండు కాళ్లకీ తాడు కట్టి లాగాను. ఒక కాలు ఒకదానిది, రెండోది ఇంకోదానిది! పిల్లల్నీ తల్లినీ కలిపి చంపేశావమ్మా అన్నారు ప్రొఫెసర్. నెల తర్వాత మళ్లీ పెడతారట. అదీ పోతే ఫైనల్ ఇయర్ మొత్తం మళ్లీ చదవాలి.

చిట్టిచేయి అని క్లాసంతా నవ్వారు. నా చేతులు గేదెలకి పనికిరావని మూడేళ్లుగా అదే పేరు. దానికి ఏడుపు రాలేదు. ఆ పెట్టె పట్టుకుని నిలబడింది మా నాన్న. ఈ వెటర్నరీ కాలేజీలోనే పశువుల షెడ్డు అటెండర్. దానికొచ్చింది.

ఫిబ్రవరి 4

మొన్న చేరిన ఫస్ట్ ఇయర్ వాళ్లని కూడా నాన్న డాక్టరుగారూ అంటాడు. నన్ను మాత్రం అమ్మడూ. తగువు పెట్టుకున్నాను. ఒక ప్రాణాన్ని బయటికి తియ్యి, అప్పుడు చూద్దాం అన్నాడు. వాళ్లు తీశారా అన్నాను. వాళ్లు నా కూతుళ్లు కాదుగా అన్నాడు.

ఫిబ్రవరి 11

నాన్న గోనెసంచిలో నాలుగు చొక్కాలు కుక్కాడు. కళ్లు మూసుకుని ఏ చేయి ఏ చొక్కాదో చెప్పాలి. చేయి పట్టుకుని భుజం దాకా, అక్కణ్నుంచి ఎదురు భుజం దాకా వేళ్లతో నడవాలట. ఇరవై రెండేళ్లు కాన్పుల దగ్గర బకెట్ పట్టుకుని చూసి నేర్చుకున్న విద్య!

ఫిబ్రవరి 12

ఇస్త్రీ చొక్కాలు ముట్టుకుంటే ఇద్దరి చేతులూ విరగ్గొడతానంది అమ్మ.

ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 2

క్లినిక్‌కి ఒక ముసలావిడ గొర్రెను ఆటోలో తెచ్చింది. పొద్దుటి నుంచీ నొప్పులు, రెండు కాళ్లు బయట. ప్రొఫెసర్ చేయి దూరలేదు. చిట్టిచేయి ఎక్కడ అని కేకేశారు.

అందరూ లాగు లాగు అన్నారు. లాగలేదు. కళ్లు మూసుకుని లోపలికి వెళ్లాను. కాలు, భుజం, ఛాతీ, ఎదురు భుజం. దాని జత కాలు లోపలే ఉంది. బయటున్న రెండోది ఇంకో పిల్లది! దాన్ని వెనక్కి నెట్టి, జత కాలు పట్టుకుని, తల సరిచేసి లాగాను. తర్వాత రెండోదాన్ని. రెండూ అరిచాయి. ముసలావిడ నా చేతులు కళ్లకద్దుకుంది.

ఒళ్లంతా గర్వం. దాచుకోవడమెందుకు, నా డైరీయే కదా. ప్రాక్టికల్ మళ్లీ అక్కర్లేదు, ఇదే మార్కులకి వేస్తానన్నారు ప్రొఫెసర్. నాన్న మాత్రం బకెట్ కడగడానికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 27

పొద్దున నాన్న బాత్‌రూమ్ తలుపు కొట్టాడు. త్వరగా రండి డాక్టరుగారూ, నాకు డ్యూటీకి టైమైంది అన్నాడు.

ఇంకోసారి పిలిచేదాకా గడియ తియ్యలేదు.